బాసర చేరేదాకా పట్టని బలపం

బాసర వెళ్లొచ్చానని తెలిసినప్పటి నుంచి మా చర్చిలో నన్ను పలకరించేవాళ్లు ఎక్కువయ్యారు. "ఏం టీచర్, సరస్వతమ్మ దగ్గరికి పోయొచ్చినవట గదా?" అని మొదలుపెట్టి, బొట్టు ఆనవాలేమైనా మిగిలిందేమోనని నా నుదుటి వైపు చూస్తారు. మిగల్లేదు, ఎందుకంటే నేను పెట్టుకోలేదు. కానీ వెళ్లాను, చూశాను, కడుపునిండా తిన్నాను, మళ్లీ ఎవరైనా తోడు రమ్మంటే మళ్లీ వెళ్తాను. మెథడిస్టు ఇంట్లో పుట్టినంత మాత్రాన గోదావరి ఒడ్డు గుడి నాకు పరాయిదైపోదు. కరీంనగర్ పిల్లలకు తెలుగు వాచకం చెప్పుకుంటూ రిటైరైనదాన్ని, చదువుల తల్లి గుడి ఎట్లా ఉంటుందో తెలియదంటే నాకే సిగ్గుచేటు.

అయితే ఈ ప్రయాణం నాది కాదు. మా వెనకింటి రాజవ్వది.

రాజవ్వ బీడీలు చుడుతుంది. ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి చుట్టేస్తుంటే చేతులు కనబడవు. నోరు కూడా అంతే వేగం. వాడకట్టులో ఎవరింట్లో ఏ కూర ఉడుకుతోందో ఆమెకు తెలుసు. అక్షరం మాత్రం ఒక్కటి రాదు. నేను నేర్పుతానని ఎన్నోసార్లు పలక పట్టుకుని వెళ్లాను. ప్రతిసారీ ఒకటే మాట. "మొక్కున్నది టీచరమ్మా. బాసర పోయేదాక నేను బలపం పట్టొద్దు."

ఆ మొక్కు కథ ఇది. రాజవ్వ కంటే ముందు పుట్టిన పిల్లలు దక్కలేదట. ఈమె పుట్టగానే వాళ్ల బాపు బాసర అమ్మవారికి మొక్కుకున్నాడు. ఈ పిల్ల బతికితే మొదటి అక్షరం నీ దగ్గరే దిద్దిస్తాను, అంతదాకా పలక ముట్టనివ్వను అని. పిల్ల బతికింది. బడికి పంపే ఈడొచ్చింది. పంతులు ఇంటికొచ్చి పేరు రాసుకుంటానంటే "బాసర పోయొచ్చినంక" అన్నాడు బాపు. ఆ ఏడు పంట పోయింది. మరుసటి ఏడు ఎద్దు చచ్చింది. తర్వాత తమ్ముడు పుట్టాడు. తమ్ముడి మీద మొక్కేమీ లేదు కాబట్టి వాడు హాయిగా బడికి పోయాడు. రాజవ్వ ఒళ్లోకి చాట వచ్చింది.

మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది. బిడ్డకు అక్షరాలు దిద్దిస్తానని మొక్కి, ఆ మొక్కుతోనే చదువు ఆపేసే తండ్రి ఇంకెక్కడైనా ఉంటాడా? రాజవ్వ ముందర ఆ మాటంటే ఆమె గుర్రుమంది. "మా బాపును ఏమనకు. మొక్కుకున్నడు గాబట్టే నేనున్న."

ఇప్పుడు ఆడవాళ్లకు బస్సు కిరాయి లేదు. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టర్ సున్నా టికెట్ చేతిలో పెడతాడు. ఒకరోజు పొద్దున్నే రాజవ్వ మా గడపలో నిలబడింది. "టీచరమ్మా, కిరాయి లేదు. కొడుకు మస్కట్ల మంచిగనే ఉన్నడు. ఇగ ఏం అడ్డమున్నది? నువ్వు తోడొస్తవా?"

"నేనెందుకే? నీ చెల్లెను తీసుకపో."

"దానికి గూడ సదువు రాదు. ఇద్దరం పోతే బోర్డు ఎవలు సదువుతరు?"

అట్లా నేను బోర్డు చదివే మనిషిగా బయల్దేరాను.

ధర్మపురిలో యముడికో మాట

నేరుగా బాసర వెళ్లే దారులున్నాయి. రాజవ్వ ఒప్పుకోలేదు. ధర్మపురి నర్సింహస్వామిని చూడకుండా గోదావరి దాటితే ఎట్లా అంది. జగిత్యాలలో బస్సు మారి మధ్యాహ్నానికి చేరాం.

ధర్మపురి గుడిలో నాకు నచ్చింది గోపురం కాదు, గుడి చుట్టూ ఉన్న ఇరుకు వీధులు. ఇళ్ల అరుగులు వీధిలోకి వచ్చేస్తాయి. ఎవరో పంచె ఆరేస్తుంటారు, పక్కనే ఎవరో మంత్రం వల్లెవేస్తుంటారు. మా చర్చిలో అందరం ఒకేసారి పాడతాం, ఒకేసారి లేస్తాం. ఇక్కడ ఎవరి గొడవ వారిది. మొదట చిరాకేసింది, కాసేపటికి బాగానే అనిపించింది.

ఆ గుడి ఆవరణలో యమధర్మరాజుకు కూడా గుడి ఉంది. మీసాలు, కోరలు, చూస్తే పిల్లలు జడుసుకునేట్టున్నాడు. ముందర గండదీపం వెలుగుతుంటుంది. గండాలు పోవాలని వచ్చినవాళ్లంతా అందులో నూనె పోస్తారు. రాజవ్వ చిన్న సీసా నూనె కొని పోసింది, చాలాసేపు కళ్లు మూసుకుని ఏదో గొణిగింది.

"ఏం మొక్కినవే అంతసేపు?"

"మొక్కలే. మాట్లాడిన. బాసర పోయేదాక నా దిక్కు రాకు సామీ, జర ఓపిక పట్టు అన్న."

గట్టిగా నవ్వేశాను. పక్కన దీపం పెడుతున్న ఆమె నన్ను కోపంగా చూసింది. రాజవ్వ మాత్రం నవ్వలేదు. అప్పుడే నాకు అర్థమైంది, ఈ మనిషి నిజంగానే భయపడుతోంది. మొక్కు తీరకుండా పోతే తన బాపు అబద్ధమాడినట్టవుతుందని ఆమె భయం.

లక్సెట్టిపేటలో తప్పిన బస్సు

మర్నాడు పొద్దున గోదావరి వంతెన దాటి లక్సెట్టిపేటలో దిగాం. నిర్మల్ బస్సు వచ్చేదాకా ఇక్కడే కూర్చోమని రాజవ్వను బల్ల మీద కూర్చోబెట్టి, నేను మిర్చి బజ్జీలు తెద్దామని వెళ్లాను. బండివాడు వేడివేడిగా దించుతున్నాడు. ఒకటి నిలబడే తిన్నాను, నిజం చెప్పాలి కదా. కాయలో గింజ తీయకుండా చింతపండు, వాము పెట్టి వేశాడు. మా కరీంనగర్ బజ్జీలు దాని ముందు పిల్లకాయలు.

తిరిగొచ్చేసరికి బల్ల మీద సంచి లేదు, రాజవ్వ లేదు. ఫోన్ చేశాను.

"ఏడున్నవే?"

"బస్సుల. నువ్వెక్కలేదా?"

"ఏ బస్సుల?"

"నాకేం ఎర్క? అందరు ఉరికిర్రు, నేనూ ఉరికి ఎక్కిన. వెనుక నుంచి ఎక్కినవనుకున్న."

"కండక్టర్‌కు ఇయ్యి ఫోను!"

అది మంచిర్యాల బస్సు. మేం పోవాల్సిన దిక్కుకు సరిగ్గా ఎదురు దిక్కు. కండక్టర్ మంచివాడు, తర్వాతి ఊళ్లో దింపి, తిరుగు బస్సు ఎక్కించమని అక్కడి టీ కొట్టాయనకు అప్పజెప్పాడట. రాజవ్వ తిరిగొచ్చేసరికి బజ్జీలు చల్లారాయి, నా కోపం మాత్రం చల్లారలేదు.

"పక్కనున్న మనిషిని ఏ బస్సని అడిగితే నీ సొమ్మేం పోయింది?" అని అందరి ముందే అరిచాను.

రాజవ్వ సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నెమ్మదిగానే చెప్పింది. "పుట్టినప్పటి సంది అడుగుతనే ఉన్న టీచరమ్మా. ఏ బస్సు, ఏ ఊరు, ఏ మందు, ఏ గోలి. అడిగినప్పుడల్ల మనిషి నా మొఖం దిక్కు ఒక చూపు చూస్తడు. గా చూపు నీకు ఎర్క లేదు. ఇయ్యాల అడగబుద్ధి కాలే. గంతే." తర్వాత బజ్జీ పొట్లం విప్పింది. "నా కండ్లతోని నేను బోర్డు సదివి ఒక్కసారన్న బస్సెక్కాలె. గందుకే పోతున్న బాసర. పుణ్యానికి కాదు."

ఆమె చల్లారిన బజ్జీలన్నీ తినేసింది, ఒక్కటి కూడా నాకు మిగల్చలేదు.

టేకు అడవి, జొన్నరొట్టె

లక్సెట్టిపేట నుంచి జన్నారం, ఖానాపూర్ మీదుగా నిర్మల్ పోయే దారిని చూడనివాళ్లు చూడాలి. రోడ్డుకు రెండు వైపులా టేకు చెట్లు, ఆకులు రాలి నేలంతా గోధుమ రంగు. కోతులు రోడ్డు మీద సంసారాలు పెట్టుకుని కూర్చుంటాయి. బస్సు హారన్ కొడితే విసుక్కుంటూ లేస్తాయి. కరీంనగర్‌లో గ్రానైట్ కోసం తవ్విన గుట్టలు చూసి చూసి అలిసిన కళ్లకు ఆ అడవి చల్లగా తగిలింది.

నిర్మల్‌లో రాత్రి పడుకుని, పొద్దున భైంసా బస్సెక్కాం. భైంసాలో దిగేసరికి మాటే మారిపోయింది. పక్కింటామెను పిలిచినట్టు మరాఠీలో పిలుస్తారు. బస్టాండు బయట చిన్న కొట్టులో ఒకామె పెద్ద పెనం మీద జొన్నరొట్టెలు కాలుస్తోంది. పక్కన శనగపిండితో వండిన పిట్ల, పచ్చిమిర్చి దంచిన ఠేచా. రెండు రొట్టెలకు ఆమె అడిగిన డబ్బుకి మా ఊళ్లో సగం దోశ రాదు. పేరు గంగుబాయి అని చెప్పింది.

"యా, బసా," అంటూ మమ్మల్ని కూర్చోమని పీట జరిపింది. మేం బాసర పోతున్నామని తెలిశాక మూడో రొట్టె అడక్కుండానే వేసి, వద్దన్నా వినలేదు. "దేవికి పోతుండ్రు, ఆకలితోని పోవద్దు."

బాసర కథ అడిగితే పిండి చేతులతోనే చెప్పింది. "భారతం లడాయి అయినంక వ్యాసుడు మస్తు పరేషాన్ అయిండు. గంత మంది సచ్చిర్రు గద. మనసు నిలుస్తలేదు. తిరిగి తిరిగి మా గోదావరి కాడికి వచ్చిండు. ఇక్కడ మనసు నిమ్మళమైంది. పొద్దుగాల స్నానం జేసి, రోజూ మూడు పిడికిళ్ల ఇసుక తెచ్చి మూడు కుప్పలు పోసిండు. ఒక కుప్ప సరస్వతి, ఒకటి లక్ష్మి, ఒకటి కాళి అయ్యింది. వ్యాసుడున్న ఊరు వ్యాసర, మా మరాఠీ నోట్ల పడి బాసర అయ్యింది."

"మీ నోట్ల పడి మంచిగనే అయ్యింది," అంది రాజవ్వ.

నేను మాత్రం ఆ ఇసుక దగ్గరే ఆగిపోయాను. పలకలు లేని రోజుల్లో పిల్లల చేత ఇసుకలోనే అక్షరాలు దిద్దించేవారని మా నాన్న చెప్పేవాడు. చదువుల దేవత కూడా ఇసుకతోనే తయారైందంటే ఈ కథ కట్టినవాళ్లు బడి చూసినవాళ్లే అయి ఉంటారు.

ఇసుక దేవత ఇల్లు

పెద్ద పెద్ద రాతి గోపురాలు, స్తంభాల మీద నాట్యగత్తెలు ఉంటాయని వెళ్తే బాసరలో నిరాశపడతారు. వేయి స్తంభాల గుడి లాంటి పనితనం ఇక్కడ వెతకొద్దు. నాందేడ్ వైపు ఏలిన ఒక రాజు పూర్వం కట్టించాడని చెబుతారు. గర్భగుడి చిన్నది, మండపం సాదాది. తర్వాతివాళ్లు ఎవరి చేతనైనంత వాళ్లు చేర్చుకుంటూ పోయారు. గోపురం ఒక కాలానిది, క్యూ లైన్ల ఇనుప కమ్మీలు ఇంకో కాలానివి. సరస్వతి పక్కనే లక్ష్మి. మహాకాళి పై అంతస్తులో ఉంటుంది. ముగ్గురినీ ఒకే కప్పు కింద పెట్టిన గుడి నేనింకోటి చూడలేదు.

తూర్పు వైపు ఒక రాతి స్తంభం ఉంది. తడితే స్వరాలు పలుకుతుందంటారు. వచ్చినవాళ్లంతా చెవి ఆనించి తడుతున్నారు. నేనూ తట్టాను. నాకు ఒకటే శబ్దం వినిపించింది, బహుశా నా చెవులకు మిగతావి వినే వయసు దాటిపోయింది. రాజవ్వకు ఏడూ వినిపించాయట. ఆమె అబద్ధం చెప్పిందో లేదో నేను తేల్చలేను.

లోపల అమ్మవారి మొహమంతా పసుపు. కళ్లు, ముక్కు తప్ప ఏమీ కనబడదు. ఆ పసుపే ప్రసాదం, తింటే చదువు వస్తుందని నమ్మకం. రాజవ్వ కళ్లు మూసుకుని సగం మింగి, మిగతా సగం నా చేతిలో పెట్టింది. జలుబు చేస్తే పాలలో కలుపుకు తాగేదే కదా అని నేనూ నోట్లో వేసుకున్నాను.

ఒళ్లో కూర్చోవాల్సిన పిల్ల

అక్షరాభ్యాసం టికెట్ తీసుకుని మండపంలోకి వెళ్లాం. ఎన్ని కుటుంబాలో! పట్టులంగాల ఆడపిల్లలు, చిన్న పంచెలు కట్టిన మగపిల్లలు, వాళ్లను ఒళ్లో కూర్చోబెట్టుకున్న తల్లిదండ్రులు. సగం మంది పిల్లలు ఏడుస్తున్నారు. మిగతా సగం బలపాలు కొరుకుతున్నారు. ఎర్ర అంచు నేత చీర కట్టుకుని, తల మీద కొంగు కప్పుకున్న రాజవ్వ, ఒళ్లో కొత్త పలక పెట్టుకుని వాళ్ల మధ్యన కూర్చుంది. వరసలో ఉన్న పెద్దవాళ్లు ఆమెను చూసి, తర్వాత ఆమె పక్కన పిల్ల కోసం చూశారు.

పూజారి గారు వరసలో మా దగ్గరికి వచ్చారు. "పాప ఏదమ్మా?"

"నేనే, అయ్యా," అంది రాజవ్వ.

ఆయన అర్థం కానట్టు చూశారు. రాజవ్వ చెంగుతో మొహం తుడుచుకుని మొక్కు కథంతా చెప్పింది. మధ్యలో ఎక్కడా ఆపలేదు. మండపం కాస్త సద్దుమణిగింది. ఇక్కడ గనక కాదంటే ఈ మనిషి చచ్చేదాకా బలపం ముట్టదు. అది నాకు తెలుసు.

పూజారి గారు చేతిలోని అక్షింతల పళ్లెం కింద పెట్టారు. "అమ్మవారికి వయసుతో పనేముందమ్మా. కానీ పద్ధతి ఒకటుంది. పిల్ల పెద్దవాళ్ల ఒళ్లో కూర్చోవాలి. పెద్దవాళ్లు చెయ్యి పట్టి దిద్దించాలి. నీ వైపు పెద్దవాళ్లెవరు?"

రాజవ్వ వేళ్లు మడిచి లెక్కేసింది. బాపు లేడు, తల్లి లేదు. తమ్ముడు చిన్నవాడు. నెమ్మదిగా నా వైపు తిరిగింది. నోరు విప్పి అడగలేదు. అడిగి ఉంటే నేనేదో ఒకటి అనేసేదాన్నే.

"అయ్యా, నేను చర్చికి పోయేదాన్ని," అన్నాను. దాచడం నాకు చేతకాదు.

"ఆమె కంటే పెద్దవారేనా?"

"పెద్దదాన్నే."

"చెయ్యి పట్టుకుని అక్షరం దిద్దించడం వచ్చా?"

"జీతం తీసుకుని చేసిన పని అదే అయ్యా."

"మరింకేం, కూర్చోండి," అన్నారాయన, పక్క పిల్ల ఏడుపులో మాట వినబడదేమోనని గట్టిగానే.

ఒళ్లో కూర్చోబెట్టుకోవడం మా ఇద్దరికీ కుదరదు. నా మోకాళ్ల సంగతి నాకు తెలుసు, రాజవ్వ బరువూ తెలుసు. ఆమె వెనక సర్దుకుని కూర్చుని, ఆమె భుజం మీదుగా చెయ్యి చాపి మణికట్టు పట్టుకున్నాను. పక్కన తండ్రి ఒళ్లో ఏడుస్తున్న పిల్ల ఏడుపు ఆపి కళ్లు పెద్దవి చేసింది.

"అవ్వకు గూడ రాదా, డాడీ?"

తండ్రి దాని నోరు మూయబోయాడు. రాజవ్వే జవాబిచ్చింది. "రాదు బిడ్డా. నువ్వేడ్వకు, ఇద్దరం దిద్దుదాం."

చిన్నపిల్లల చెయ్యి పట్టుకుంటే మనం తిప్పినట్టు తిరుగుతుంది. రాజవ్వ చెయ్యి తిరగలేదు. వేళ్లు బలపాన్ని బీడీలా పట్టుకుని అటూ ఇటూ చుట్టెయ్యాలని చూస్తున్నాయి. "వదులు, చుట్టకు, చెయ్యి వదులు చెయ్యి," అని చెవిలో చెప్పాను. పూజారి గారు "ఓం" అన్నారు. ఆ చెయ్యి ఒక్కసారిగా మెత్తబడింది. వంకరగా, పలక సగం నింపేస్తూ ఓంకారం పడింది. ఎంతమంది పిల్లల చేత దిద్దించానో నాకే తెలియదు. కానీ ఆ పూట నా కళ్లు నిండి పలక కనబడకుండా పోయింది, చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

లేచాక రాజవ్వ పలక గుండెకు హత్తుకుని పైకి చూసింది. "బాపూ, తీరింది," అంది. అంతే అంది.

గోదావరి మెట్ల మీద మొదటి పాఠం

ఘాట్ మెట్ల మీద కూర్చోగానే రాజవ్వ పలక నా ముందర పెట్టింది. "ఇగ మొదలువెట్టు."

"అ నుంచి మొదలుపెట్టాలె. వరసగ."

"'అ' సంగతి తర్వాత జూద్దాం. మనూరి బస్సు మీద మొదటి అక్షరమేందో గది జెప్పు."

వరస తప్పితే నాకు ప్రాణం ఊరుకోదు. వాదించాను. "ఇన్నేండ్లు ఆగిన నేను, ఒక్కరోజు నీ 'అ' ఆగదా?" అని నా నోరు మూయించింది. సరేనని 'క' రాశాను. తలకట్టు కింద మెలిక తిప్పడం ఆమెకు అస్సలు పడలేదు. భైంసా దాకా బస్సులో దిద్దింది. నిర్మల్ దాకా దిద్దింది. పలక నిండితే చెంగుతో తుడిచి మళ్లీ దిద్దింది. ఎదురు సీట్లో కూర్చున్నవాళ్లు తొంగి చూస్తే పలక వాళ్ల వైపు తిప్పి చూపించింది.

నిర్మల్ బస్టాండు

కరీంనగర్ బస్సు కోసం నిర్మల్‌లో నిలబడ్డాం. కాసేపటికి ఒక బస్సు వచ్చి మా ముందు ఆగింది. జనం ఉరికారు. తలపాగా చుట్టుకుని, చేతిలో మూట పట్టుకున్న తాత ఒకాయన కూడా ఉరికి, మెట్టు మీద ఒక కాలు పెట్టి, అనుమానంగా వెనక్కి తిరిగాడు. దగ్గరలో ఉన్నది రాజవ్వే.

"అవ్వా, గిది కరీంనగర్ పోతదా?"

నేను నోరు తెరిచాను. బోర్డు నాకు ఎప్పుడో కనబడింది. రాజవ్వ చెయ్యెత్తి నన్ను ఆపింది. రెండడుగులు వెనక్కి వేసి, తల పైకెత్తి బోర్డు వైపు చూసింది. డ్రైవర్ ఇంజన్ రేపాడు. వెనకవాళ్లు తోసుకుంటున్నారు. "జర్ర ఆగు తాతా," అంది, "సదువుతున్న."

తాత ఆగాడు. ఆమె పెదవులు కదిలాయి. వేలితో గాలిలోనే తలకట్టు గీసి, కింద మెలిక తిప్పి, మళ్లీ బోర్డు చూసింది.

"కాదు," అంది. "మొదట్ల క లేదు. గిది మనది కాదు."

అది ఆదిలాబాద్ బస్సు. తాత నా వైపు తిరిగి చూడలేదు, ఇంకెవరినీ అడగలేదు. రాజవ్వ మాట మీదే, మెట్టు మీద పెట్టిన కాలు కిందికి దించాడు.